అనుమతి లేకుండా మైదానంలోకి వచ్చిన సబ్‌స్టిట్యూట్: రిఫరీ ఎప్పుడు ఆట ఆపాలి, ఎప్పుడు ఆపకూడదు?

క్లుప్తంగా: రిఫరీ అనుమతి లేకుండా సబ్‌స్టిట్యూట్ మైదానంలోకి వస్తే ఎల్లో కార్డ్ ఖాయం. కానీ అతను ఆటకు అడ్డుపడితేనే రిఫరీ ఆట ఆపాలి. అడ్డుపడితే ఎదుటి జట్టుకు డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్‌కు కొట్టగల కిక్), అది అతని సొంత పెనాల్టీ ఏరియాలో జరిగితే పెనాల్టీ వస్తుంది. గోల్‌ను గానీ, గోల్ అయ్యే స్పష్టమైన అవకాశాన్ని గానీ అడ్డుకుంటే రెడ్ కార్డ్. అయితే సబ్‌స్టిట్యూట్‌కు రెడ్ కార్డ్ చూపినా మైదానంలో అతని జట్టు పదకొండు మందితోనే ఆడుతుంది. నియమంలో బలహీనత ఉన్నది ఇక్కడే.

లుసైల్ ఫైనల్ తర్వాత మొదలైన వివాదం

2022 డిసెంబర్ 18న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ 2-2తో ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లింది. 108వ నిమిషంలో లౌటారో మార్టినెజ్ షాట్‌ను ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ ఆపాడు. వెనక్కి వచ్చిన బంతిని మెస్సీ గోల్‌లోకి నెట్టాడు. డిఫెండర్ కూండే దాన్ని బయటికి తన్నినా అప్పటికే బంతి లైన్ దాటింది. అర్జెంటీనాకు 3-2 ఆధిక్యం వచ్చింది. ఎంబాపే పెనాల్టీతో ఫ్రాన్స్ మళ్లీ స్కోరు సమం చేయడం, చివరికి షూటౌట్‌లో అర్జెంటీనా 4-2తో గెలవడం అందరికీ తెలిసిన కథే.

మ్యాచ్ అయ్యాక ఫ్రాన్స్ క్రీడా పత్రిక లెకిప్ ఒక అభ్యంతరం లేవనెత్తింది. మెస్సీ కొట్టిన బంతి లైన్ దాటక ముందే బెంచ్ మీది ఇద్దరు అర్జెంటీనా సబ్‌స్టిట్యూట్లు సంతోషం పట్టలేక టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దాటి లోపలికి వచ్చేశారని, నియమాల పుస్తకాన్ని బట్టి ఆ గోల్ చెల్లదని రాసింది. ఫైనల్ మళ్లీ ఆడించాలని కోరుతూ ఫ్రాన్స్‌లో మొదలైన ఆన్‌లైన్ పిటిషన్ మీద రెండు లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. పోలండ్‌కు చెందిన రిఫరీ షిమోన్ మార్చినియాక్ విలేకరుల ముందు తన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. ఎంబాపే గోల్ చేసిన సమయంలో ఏడుగురు ఫ్రాన్స్ వాళ్లు మైదానంలో ఉన్నారని, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదని జవాబిచ్చాడు.

ఆ జవాబు విన్న చాలామంది విషయం అక్కడితో తేలిపోయిందనుకున్నారు. నిజానికి తేలలేదు. అప్పటి మూడో నియమాన్ని అక్షరాలా చదివితే పత్రిక వాదనకు ఆధారం ఉంది. గోల్ పడిన సమయంలో గోల్ చేసిన జట్టు సబ్‌స్టిట్యూట్ మైదానంలో ఉన్నాడని, ఆట తిరిగి మొదలుకాక ముందే రిఫరీ గుర్తిస్తే, ఆ గోల్‌ను రద్దు చేయాలనే ఆ నియమం చెప్పేది. అతను బంతికి ఎంత దూరంలో ఉన్నాడు, ఎవరికైనా అడ్డొచ్చాడా అన్న షరతు అందులో లేదు. అలాగని యాభై మీటర్ల అవతల టచ్‌లైన్ మీద అడుగు వేసిన వ్యక్తి కారణంగా ప్రపంచకప్ ఫైనల్ గోల్‌ను రద్దు చేయడం ఆటకు న్యాయం అనిపించుకోదు. నియమం అక్షరం ఒకవైపు, దాని ఉద్దేశం మరోవైపు లాగిన సందర్భం అది.

ఫుట్‌బాల్ నియమాలను రాసే సంస్థ ఇఫాబ్ ఈ చిక్కును గుర్తించింది. 2023 జులై నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అదనపు వ్యక్తి మైదానంలో ఉండటం ఒక్కటే సరిపోదు, అతను ఆటలో జోక్యం చేసుకుని ఉంటేనే గోల్ రద్దవుతుంది. ఇప్పటి నియమంతో చూస్తే లుసైల్ గోల్ మీద సందేహానికే తావులేదు.

జోక్యం అంటే ఏమిటి

సబ్‌స్టిట్యూట్లు, బయటికి వెళ్లిపోయిన ఆటగాళ్లు, రెడ్ కార్డ్ పడినవాళ్లు, కోచ్‌లు, ఫిజియోలు... వీళ్లందరినీ నియమాల పుస్తకం ఒక గుంపుగా చూస్తుంది. జట్టు జాబితాలో పేరు లేనివాళ్లు, అంటే గేటు దూకి వచ్చే అభిమాని లాంటివాళ్లు, మరో గుంపు. మొదటి గుంపులో ఎవరైనా లోపలికి వచ్చినప్పుడు రిఫరీ ముందుగా చూడాల్సింది ఒక్కటే: ఆటకు అడ్డొచ్చారా లేదా. అడ్డు రాకపోతే ఆట సాగనివ్వాలి, బంతి ఆగాక అతన్ని బయటికి పంపి కార్డ్ చూపాలి. రిఫరీ విజిల్ వేయలేదంటే చూడలేదని, వదిలేశారని ప్రేక్షకులు అనుకుంటారు. చాలాసార్లు అది సరైన నిర్ణయమే అయి ఉంటుంది.

ఎందుకంటే విజిల్ వేస్తే నష్టపోయేది తరచూ తప్పు చేయని జట్టే. ఒక జట్టు వేగంగా దాడికి వెళ్తోంది, ఎదుటి బెంచ్ నుంచి ఒకడు లోపలికి వచ్చి టచ్‌లైన్ పక్కనే నిలబడ్డాడు. అక్కడ ఆట ఆపితే దాడి చచ్చిపోతుంది. బెంచ్ కోరుకునేది కూడా అదే కావచ్చు.

బంతిని తాకడం, ఎదుటి ఆటగాడి దారికి అడ్డంగా నిలబడటం స్పష్టమైన జోక్యాలు. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. వార్మప్ చేస్తూ గోల్ లైన్ దాటి రెండడుగులు లోపలికి వచ్చిన సబ్‌స్టిట్యూట్‌ను చూసి గోల్‌కీపర్ ఒక్క క్షణం తడబడితే అది జోక్యమా? డిఫెండర్ అతన్ని ప్రత్యర్థి అనుకుని అటు జరిగితే? ఇవన్నీ రిఫరీ కళ్లతో చూసి తేల్చాల్సినవి. ఏ పుస్తకమూ ముందుగా జాబితా రాసి పెట్టలేదు.

జోక్యం ఉందని ఆట ఆపితే 2016-17 సీజన్ నుంచి డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇస్తున్నారు. తప్పు సొంత పెనాల్టీ ఏరియాలో జరిగితే అది పెనాల్టీ అవుతుంది. అంతకుముందు సబ్‌స్టిట్యూట్ తప్పుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (మరో ఆటగాడు తాకాకే గోల్ చెల్లే కిక్) మాత్రమే వచ్చేది. కోచ్ లేదా ఫిజియో అడ్డుపడితే అది కూడా లేదు, డ్రాప్డ్ బాల్‌తో, అంటే రిఫరీ బంతిని నేల మీదికి వదలడంతో, ఆట మొదలుపెట్టేవారు. ఇప్పుడు డ్రాప్డ్ బాల్ బయటి వ్యక్తులకే పరిమితం.

బ్రెజిల్‌లో ఒక మసాజర్ చేసిన పని

పాత నియమం ఎంత బలహీనంగా ఉండేదో 2013 సెప్టెంబర్‌లో బ్రెజిల్ నాలుగో డివిజన్‌లో బయటపడింది. టూపి, అపరెసిడెన్సే జట్ల మధ్య నాకౌట్ రెండో మ్యాచ్ 2-2తో నడుస్తోంది. మొదటి మ్యాచ్ 1-1 కావడంతో ఇలాగే ముగిస్తే బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన అపరెసిడెన్సే ముందుకు వెళ్తుంది. ఆట ముగిసే సమయంలో టూపి బంతి ఖాళీ గోల్ వైపు వెళ్తుండగా, గోల్ పోస్ట్ పక్కన నిలబడి ఉన్న అపరెసిడెన్సే మసాజర్ లోపలికి దూకి కాలితో దాన్ని ఆపేశాడు. తిరిగి వచ్చిన రెండో షాట్‌నూ ఆపి డ్రెస్సింగ్ రూమ్ వైపు పరుగెత్తాడు.

అప్పటి పుస్తకం ప్రకారం రిఫరీ చేయగలిగింది అతన్ని పంపేసి డ్రాప్డ్ బాల్‌తో ఆట మొదలుపెట్టడం మాత్రమే. మ్యాచ్ 2-2తోనే ముగిసింది. తర్వాత బ్రెజిల్ క్రీడా న్యాయస్థానం అపరెసిడెన్సేను పోటీ నుంచి తప్పించి టూపిని ముందుకు పంపింది. న్యాయం జరిగింది, కానీ మైదానం బయట. ఇప్పుడు అలా జరిగితే రిఫరీ అక్కడికక్కడే రెడ్ కార్డ్ చూపి పెనాల్టీ ఇవ్వగలరు.

మరో చిన్న నిబంధన ఇక్కడ తెలుసుకోవాలి. బంతి గోల్‌లోకి వెళ్తుండగా డిఫెండింగ్ జట్టుకు చెందిన అదనపు వ్యక్తి దాన్ని తాకినా, ఆపలేకపోయి అది లోపలికే వెళ్తే గోల్ ఇవ్వాలి. తప్పు చేసినవాడి వల్ల గోల్ పోకూడదన్నది దాని ఉద్దేశం. దాడి చేసే జట్టు మనిషి తాకితే మాత్రం గోల్ ఉండదు.

రెడ్ కార్డ్ పడినా పదకొండు మందే

నియమంలో ఇంకా మిగిలిన లోటు ఇదే. ఈ అంశంలో ఎక్కువ ఆలోచించాల్సిందీ దీని గురించే.

2010 జులై 2న జొహానెస్‌బర్గ్‌లో ఘనాతో ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ చివరి క్షణాల్లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్ లైన్ మీద బంతిని చేతులతో ఆపాడు. రెడ్ కార్డ్ పడింది, పెనాల్టీ వచ్చింది, ఘనా ఆటగాడు జ్యాన్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. షూటౌట్‌లో ఉరుగ్వే గెలిచింది. ఆ ఉదంతం మీద ఇప్పటికీ చర్చ సాగుతూనే ఉంది. కానీ సువారెజ్ అప్పటికి మైదానంలో ఆడుతున్న ఆటగాడు. అది ముప్పయ్యో నిమిషంలో జరిగి ఉంటే ఉరుగ్వే మిగతా గంట పది మందితో ఆడాల్సి వచ్చేది.

అదే పని బెంచ్ మీది సబ్‌స్టిట్యూట్ చేస్తే ఆ భారం లేదు. అతనికి రెడ్ కార్డ్ పడుతుంది, ఇక ఆ మ్యాచ్‌లో దిగలేడు, బెంచ్‌లో అతని స్థానంలో మరొకరిని చేర్చుకోలేరు. మైదానంలో జట్టు బలం మాత్రం చెక్కుచెదరదు. పెనాల్టీల్లో దాదాపు నాలుగింట మూడు గోల్స్ అవుతాయి. అంటే ఖాయమైన గోల్ పోయి, నాలుగింట ఒక వంతు తప్పే అవకాశమున్న కిక్ చేతికొస్తుంది. తప్పు చేసిన జట్టు అదనంగా కోల్పోయేది బెంచ్ మీది ఒక మనిషిని.

రగ్బీలో ఇలాంటి పరిస్థితికి పెనాల్టీ ట్రై ఉంది (ఎదుటి జట్టు గోల్ లైన్ అవతల బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు). తప్పు జరగకపోతే ట్రై బహుశా వచ్చేదని రిఫరీ భావిస్తే నేరుగా ఏడు పాయింట్లు ఇస్తారు. బాస్కెట్‌బాల్‌లో బుట్టలోకి దిగుతున్న బంతిని డిఫెండర్ అక్రమంగా తాకితే పాయింట్లు లెక్కలోకి వస్తాయి. ఫుట్‌బాల్‌లో మాత్రం బంతి నిజంగా లైన్ దాటితే తప్ప గోల్ లేదు. దీన్ని మార్చకపోవడానికి కారణమూ ఉంది. బంతి లైన్ దాటేదా లేదా అని ఊహించే అధికారం రిఫరీకి ఇస్తే, గోల్ లైన్ దగ్గర జరిగే ప్రతి హ్యాండ్‌బాల్‌కూ గోల్ ఇవ్వాలన్న వాదన బయల్దేరుతుంది. ఆటగాడి తప్పుకు, బయటి నుంచి వచ్చినవాడి తప్పుకు తేడా చూపి రెండోదానికి మాత్రం గోల్ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. మైదానంలో ఉండే హక్కే లేని వ్యక్తి ఆపిన బంతి గురించి అంత సంకోచం అవసరం లేదు.

ఎల్లో కార్డ్ ఒకటేనా?

కార్డుల లెక్కలో చాలామంది పొరబడేది ఇక్కడే. అనుమతి లేకుండా లోపలికి రావడం ఒక తప్పు. వచ్చాక నిర్లక్ష్యంగా టాకిల్ చేస్తే, లేదా ఆశాజనకంగా సాగుతున్న దాడిని ఫౌల్‌తో ఆపితే అది వేరే తప్పు. రెండూ క్షణాల వ్యవధిలో జరిగినా రెండు ఎల్లో కార్డులు చూపాలని పన్నెండో నియమం చెబుతుంది. రెండు ఎల్లోలు కలిస్తే రెడ్. ఎవరినైనా కొడితే ఈ లెక్కతో పనిలేకుండా నేరుగా రెడ్ కార్డే.

బెంచ్ మీద పడిన కార్డ్ ఆటగాడితో పాటే లోపలికి వస్తుంది. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనాతో క్వార్టర్‌ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఫార్వర్డ్ వెఘోర్స్ట్ బెంచ్ మీద ఉండగానే ఎల్లో కార్డ్ తిన్నాడు. ఆ తర్వాత దిగి రెండు గోల్స్ కొట్టి స్కోరు 2-2 చేశాడు. దిగాక మరో ఎల్లో పడి ఉంటే నెదర్లాండ్స్ పది మందికి పడిపోయేది.

అదే మ్యాచ్ చివర్లో అర్జెంటీనా ఆటగాడు పరెదెస్ బంతిని నెదర్లాండ్స్ బెంచ్ వైపు బలంగా తన్నడంతో బెంచ్ మొత్తం లోపలికి దూసుకొచ్చింది. ఇలాంటి తోపులాటలో అక్షరాలా చూస్తే లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎల్లో ఇవ్వాలి. ఆచరణలో ఏ రిఫరీ అలా పదిహేను కార్డులు తీయరు. గొడవ రాజేసినవాళ్లను, చేయి చేసుకున్నవాళ్లను సహాయకులతో కలిసి గుర్తుపట్టి వాళ్లకే కార్డులు చూపుతారు. విడదీయడానికి వచ్చినవాళ్లను వదిలేస్తారు. ఆట అప్పటికే ఆగి ఉంటుంది కాబట్టి, దేనికోసం ఆగిందో ఆ కిక్‌తోనే మళ్లీ మొదలవుతుంది. బెంచ్ లోపలికి వచ్చినందుకు కొత్తగా ఫ్రీ కిక్ రాదు.

కోచ్‌ల విషయం కాస్త వేరు. కోచ్ మైదానంలోకి వచ్చినా గొడవకు దిగకపోతే హెచ్చరికతో సరిపెట్టవచ్చు. రిఫరీని నిలదీయడానికి గానీ, ఆటను అడ్డుకోవడానికి గానీ వస్తే రెడ్ కార్డే. 2018 డిసెంబర్‌లో ఎవర్టన్‌తో మ్యాచ్‌లో తమ ఆటగాడు డివోక్ ఒరిగి చివరి నిమిషంలో గోల్ కొట్టినప్పుడు లివర్‌పూల్ కోచ్ క్లోప్ మైదానం మధ్య వరకు పరుగెత్తినందుకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 8,000 పౌండ్ల జరిమానా వేసింది. కోచ్‌లకు కార్డులు చూపే పద్ధతి ఆ తర్వాతి సీజన్‌లో నియమాల్లోకి వచ్చింది.

కీల్‌లో వార్మప్ తెచ్చిన పెనాల్టీ

కఠినమైన నియమం అమాయకుడి మీద పడిన సందర్భమూ ఉంది. 2019 అక్టోబర్‌లో జర్మనీ రెండో డివిజన్‌లో హోల్‌స్టీన్ కీల్, బోఖమ్ ఆడుతున్నాయి. బోఖమ్ కొట్టిన షాట్ గోల్‌కు పక్కగా బయటికి పోతోంది. గోల్ వెనక వార్మప్ చేస్తున్న కీల్ సబ్‌స్టిట్యూట్ ఎబర్‌వైన్, ఆట త్వరగా మొదలవుతుందన్న ఉద్దేశంతో కాబోలు, కాలు చాపి బంతిని ఆపాడు. బంతి ఇంకా పూర్తిగా లైన్ దాటలేదు. వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే అధికారి) రీప్లేలో అది తేలింది. 2016 నాటి సవరణ ప్రకారం అది సబ్‌స్టిట్యూట్ జోక్యం, అదీ సొంత పెనాల్టీ ఏరియాలో. ఎబర్‌వైన్‌కు ఎల్లో కార్డ్ పడింది, బోఖమ్ పెనాల్టీని గోల్ చేసింది. మ్యాచ్ చివరికి కీల్ 2-1తో గెలిచింది.

రిఫరీ చేసింది నూటికి నూరుపాళ్లు నియమబద్ధం. అయినా ఎవరికీ సబబుగా తోచలేదు. 2025-26 సీజన్ నుంచి ఇఫాబ్ ఈ చిక్కు తీర్చింది. బంతి బయటికి పోతున్న సమయంలో, అన్యాయంగా అడ్డుకోవాలన్న ఉద్దేశం లేకుండా బెంచ్ మనిషి తాకితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ మాత్రమే ఇస్తారు, కార్డ్ ఉండదు. ఉద్దేశాన్ని చూడాల్సిన బాధ్యత దీంతో మళ్లీ రిఫరీ మీద పడింది. సెకన్లు కరిగించాలని కావాలనే బంతి పట్టుకునే సబ్‌స్టిట్యూట్‌కు ఈ మినహాయింపు వర్తించదు.

ఫ్రైబర్గ్‌లో పన్నెండో ఆటగాడు

ఇప్పటివరకు చెప్పినవన్నీ కళ్లెదుట కనిపించే తప్పులు. ఎవరూ గమనించని తప్పు ఇంకో రకం. 2022 ఏప్రిల్ 2న ఫ్రైబర్గ్ మీద బయర్న్ మ్యూనిక్ చివర్లో ఇద్దరిని మార్చింది. బయటికి వెళ్లాల్సినవాళ్ల నంబర్లు చూపే బోర్డు మీద కోమన్ పాత నంబర్ 29 చూపించారు. అప్పటికి అతని జెర్సీ నంబర్ 11. తనను పిలుస్తున్నారని కోమన్‌కు తెలియలేదు. సబ్‌స్టిట్యూట్లిద్దరూ దిగిపోయారు, టొలిస్సో ఒక్కడే బయటికి వెళ్లాడు. కొన్ని సెకన్ల పాటు బయర్న్ పన్నెండు మందితో ఆడింది. ఫ్రైబర్గ్ డిఫెండర్ ష్లాటర్‌బెక్ లెక్కపెట్టి రిఫరీకి చెప్పాకే ఆట ఆగింది.

బయటికి వెళ్లాల్సినవాడు లైన్ దాటాకే, రిఫరీ సైగ చేశాకే, మైదానం మధ్య గీత దగ్గర నుంచి కొత్తవాడు రావాలన్నది నియమం. దాన్ని పర్యవేక్షించాల్సింది టచ్‌లైన్ పక్కన బెంచ్‌ల దగ్గర ఉండే నాలుగో అధికారి, అంతిమ బాధ్యత రిఫరీది. 1-4తో ఓడిన ఫ్రైబర్గ్ ఫిర్యాదు చేసినా జర్మనీ ఫుట్‌బాల్ సంఘం న్యాయస్థానం దాన్ని కొట్టేసి ఫలితాన్ని ఉంచేసింది. అదనపు ఆటగాడి విషయంలో మైదానంలో ఏం చేయాలన్నదే ఇఫాబ్ పుస్తకం చెబుతుంది. పాయింట్లు తీసేయడం, మ్యాచ్ రద్దు చేయడం ఆ పోటీ నిర్వాహకుల చేతిలో ఉంటాయి. అభిమానులు ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే ఇలాంటి వివాదాలు ఎంతకీ తెగవు.

క్రికెట్ చూసేవారికి ఒక పోలిక

అంపైర్ అనుమతి లేకుండా లోపలికి వచ్చిన ఫీల్డర్ ఆటలో ఉన్న బంతిని తాకితే క్రికెట్‌లో బంతి వెంటనే డెడ్ అవుతుంది, బ్యాటింగ్ జట్టుకు ఐదు పెనాల్టీ పరుగులు వస్తాయి. అక్కడ కూడా లోపల ఉండటం కన్నా బంతిని తాకడమే అసలు నేరం. తేడా ఏమిటంటే ఐదు పరుగుల శిక్షలో ఊహకు చోటు లేదు, నేరుగా స్కోర్‌బోర్డు మీదికి ఎక్కుతుంది. గోల్స్ తక్కువగా పడే ఫుట్‌బాల్‌లో అలా స్కోరు కలపడమంటే చాలాసార్లు మ్యాచ్‌నే ఇచ్చేయడం అవుతుంది. అందుకే ఇక్కడ శిక్ష ఫ్రీ కిక్ రూపంలో ఉంటుంది.

బెంచ్ పెరిగిన కొద్దీ

ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను వాడుకునే వెసులుబాటు 2020లో తాత్కాలికంగా వచ్చి 2022లో స్థిరపడింది. ఖతార్‌లో 26 మంది జట్టు కావడంతో బెంచ్ మీద పదిహేను మంది దాకా సబ్‌స్టిట్యూట్లు ఉన్నారు. కోచింగ్ సిబ్బంది అదనం. బెంచ్ వాళ్లు ఉండాల్సిన టెక్నికల్ ఏరియా టచ్‌లైన్‌కు ఒక మీటరు దూరంలోనే ముగుస్తుంది. అంతమంది అంత దగ్గరగా నిలబడి ఉన్నప్పుడు, గోల్ పడే క్షణంలో ఎవరి కాలూ గీత దాటకుండా చూడటం ఏ నాలుగో అధికారికీ సాధ్యం కాదు. 2023 సవరణ ఈ వాస్తవాన్ని ఒప్పుకుంది. ఆ విషయంలో ఇఫాబ్ చేసింది సరైన పనే.

వీఏఆర్ కూడా అన్నిటికీ మందు కాదు. గోల్, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డ్, ఒకరికి బదులు మరొకరికి కార్డ్ చూపడం వంటి సందర్భాలకే దాని పాత్ర పరిమితం. సబ్‌స్టిట్యూట్ ఊరికే లోపలికి వచ్చి వెళ్లినందుకు ఎల్లో ఇవ్వాలని అది చెప్పదు.

జిల్లా, కాలేజీ టోర్నీల్లో నాలుగో అధికారి కూడా ఉండకపోవచ్చు. అక్కడ బెంచ్‌నీ, బంతినీ, ఆటగాళ్ల లెక్కనూ రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్లే చూసుకోవాలి. జట్ల కెప్టెన్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎదుటి జట్టులో అదనపు మనిషి ఉండి, అతను ఆటలో జోక్యం చేసుకోవడం వల్లే గోల్ పడిందని అనుమానం వస్తే కిక్ ఆఫ్‌కు ముందే రిఫరీకి చెప్పాలి. కిక్ ఆఫ్ జరిగిపోయాక ఆ అదనపు మనిషి దొరికితే రిఫరీ అతన్ని బయటికి పంపగలరు, కార్డ్ చూపగలరు, మ్యాచ్ తర్వాత నివేదిక రాయగలరు. ఆ గోల్‌ను మాత్రం ఇక రద్దు చేయలేరు.